ఈశాన్యంలో పొయ్యి

మంకీ క్యాపును మడిచి భ్రమరాంబ బ్యాగులో అట్టడుగున పెట్టింది. విశ్వనాథం దాన్ని పైకి తీశాడు.

"ఎడ్మంటన్‌లో దిగగానే కావాల్సింది ఇదే. అడుగున పెడితే ఎట్లా?"

"ప్రియ కారు తీసుకొస్తుందిగా."

"కారు విమానం లోపలికి రాదుగా."

భ్రమరాంబ కందిపొడి సీసాకి ప్లాస్టిక్ కవరు చుట్టి, ఉన్ని సాక్సులో దూర్చి, చొక్కాల మధ్య పడుకోబెట్టింది. మాత్రల డబ్బా చేతిలో పట్టుకుని ఆగింది.

"ఇవి ఎన్నాళ్ళకి పెట్టను?"

"నన్నడుగుతావేం? పొయ్యి మూసి ఉన్నంతకాలం నేనిక్కడే ఉంటానని నిన్ననే చెప్పాను. తెరవాలన్నది నువ్వు."

"తెరవాలన్నది గోడ," అంది భ్రమరాంబ.

"గోడలు మాట్లాడవు. ఆ పిల్ల మాట్లాడింది. నువ్వు తలూపావు."

అది నిజమే. నిన్న భోజనాల దగ్గర ధాత్రి అసలు మాట చెప్పేసింది. కొట్టం ఉత్తరపు గోడ పొట్ట ఉబ్బింది. చలి ముదరకముందే పొయ్యి తెరిచి ఇంట్లో గాలి కదిలేటట్టు చేయకపోతే, ఆ గోడ పక్కన ఎవరూ పడుకోవడానికి వీల్లేదు.

కొట్టమన్నది పేరుకే. పశువులు పోయి తరాలు గడిచాయి. ఇప్పుడు అందులో నలుగురు విద్యార్థులున్నారు. ధాత్రి, సాయి కిరణ్, మరో ఇద్దరు. హాలిఫాక్స్‌లో గది దొరకడం గగనమైపోయిన రోజులవి. "ఆంటీ, మీ దగ్గర రూమ్ ఉందంట కదా, హాల్లో పడుకోమన్నా పరవాలేదు," అని ముక్కూ మొహం తెలియని పిల్లలు ఫోన్ చేసేవారు. లేదని చెప్పడానికి నోరు రాక భ్రమరాంబ కొన్నిసార్లు ఫోన్ ఎత్తేదే కాదు. ఉన్న నలుగుర్ని ఇప్పుడు పొమ్మంటే ఎక్కడికి పోతారు?

అందుకే "తెరుద్దామండీ" అంది. పెళ్ళయిన నాటి నుంచి ఆయన వద్దన్నదాన్ని ఆమె చేద్దామనడం అదే మొదలు. విశ్వనాథం పెరుగన్నం తినకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు. కూతురు ప్రియకి ఫోన్ చేసి టికెట్ బుక్ చేయించుకున్నాడు.

"వర్జ్యం చూశారా?" అడిగింది, జిప్పు లాగుతూ.

"చూశాను. రెండింటిదాకా ఉంది. తరవాతే బయల్దేరతా."

"ఏ ఊరి టైము?"

"టొరంటో పంచాంగం."

"మనం టొరంటోకన్నా ముందు కదండీ. గంట కలపాలా, తియ్యాలా?"

ఆయన వేళ్ళు మడిచాడు. ఆమె కూడా మడిచింది. ఇద్దరూ కాసేపు కోపం మర్చిపోయి గోడగడియారం వంక చూస్తూ నిలబడ్డారు.

"కలపాలి," అన్నాడు చివరికి. "మూడింటిదాకా."

"అయితే భోంచేసి వెళ్ళొచ్చు," అంది భ్రమరాంబ.

ఆ మాటలో ఆమెకి తెలియకుండానే సంతోషం వినిపించింది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

* * *

ఆ ఇల్లు పొడుగ్గా, ఎత్తు తక్కువగా, ఒకే కప్పు కింద రెండు సగాలుగా ఉంటుంది. పడమటి సగం మనుషులది, తూర్పు సగం పశువులది. రెండింటి మధ్య, ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా, గాలి తిన్నగా దూసుకుపోయే రాతి నడవ. ముందు తలుపు మీద రాయిలో పైన ఎమ్ అని ఒక అక్షరం, దాని కింద జె, ఏ అని పక్కపక్కనే రెండు, ఆ కింద 1824. మెట్కాఫ్ ఇంటిపేరు, జోసెఫ్, యాన్ ఆ ఇల్లు కట్టుకున్న మొగుడూ పెళ్ళాలు. ఆ అక్షరాల కింద గడపకి భ్రమరాంబ ప్రతి శుక్రవారం పసుపు రాస్తుంది. నల్లటి రాయి ఇన్నేళ్ళ పసుపు తాగి మధ్యలో బంగారు రంగుకి తిరిగింది.

ధాత్రి నడవలో బల్ల మీద రెండు డ్రాయింగులు పరిచి నిలబడింది. ఆమెది బేతంచెర్ల. ఇంటి ముందు అరుగు మొదలు మేడ మీద కప్పు దాకా నాపరాయే చూసి పెరిగిన పిల్ల. ఇక్కడ పాత కట్టడాల సంరక్షణ చదువుతోంది.

"అంకుల్, టాక్సీ వచ్చేలోపల ఒక్కసారి చూడండి. చూసినాక మీ ఇష్టం."

"చూడను," అన్నాడు విశ్వనాథం. అని, కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. "స్కేలెంత?"

"ఒకటికి యాభై. ఇది మన ఇల్లు. ఇది యార్క్‌షైర్ కొండల్లో మెట్కాఫ్ పుట్టిన ఇల్లు. ఎండాకాలంలో మా ప్రొఫెసర్‌తో పోయి కొల్చినాము కదా, అది."

భ్రమరాంబ కూడా వంగి చూసింది. ఆమెకి గీతలు అర్థం కాకపోయినా రెండు బొమ్మలూ అక్కచెల్లెళ్ళలా ఉన్నాయని మాత్రం తెలిసింది. అదే పొడుగు. అదే నడవ. నడవని వీపుతో ఆనుకుని, మనుషుల గదిలోకి మొహం పెట్టిన అదే పెద్ద పొయ్యి. పొయ్యి పక్కనుంచి మెలిక తిరిగి పైకెక్కే అవే రాతి మెట్లు.

"ఇక్కడ గోడ మందం తప్పు వేశావు," అన్నాడు విశ్వనాథం వేలు పెట్టి.

"లేదంకుల్, అంతే. బయట ఒక పొర, లోపల ఒక పొర, మధ్యలో రాళ్ళ ముక్కలు. రెండు పొరలు విడిపోకుండా అక్కడక్కడ ఈ వైపు నుంచి ఆ వైపుకి పొడుగు రాయి."

"త్రూ స్టోన్."

"అవునంకుల్. మెట్కాఫ్ ఇక్కడ కూడా అట్లనే పెట్టినాడు. అక్కడ ఇల్లు కొండ వాలులో ఉంది. పశువుల గలీజు ఇంట్లోకి రాకుండా కొట్టాన్ని ఒక మెట్టు కిందికి కట్టుకున్నారు. ఇక్కడ నేల చదునే. అయినా ఆ మెట్టు పెట్టినాడు."

"అందుకేనా నేను రోజూ తన్నుకుంటున్న!" అంటూ సాయి కిరణ్ కొట్టం వైపు నుంచి వచ్చాడు, చేతిలో గడ్డపార పట్టుకుని. ఆ మాట అంటూనే మళ్ళీ ఆ మెట్టుకే కాలు తట్టుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు. గడ్డపార చూసి విశ్వనాథం మొహం బిగిసింది.

"యార్క్‌షైర్‌లో గోడ మీద చెయ్యి పెడితే పొడిగా ఉంది, అంకుల్," అంది ధాత్రి. "జూన్ నెలలో కూడా ఆ పొయ్యిలో చిన్న మంట పెట్టుకున్నారు. ఎందుకంటే గోడలకని చెప్పినారు. కొట్టంలో పశువుల ఊపిరి, నడవలో చెమ్మ, వంట ఆవిరి, అంతా ఆ పొగగొట్టం లాక్కొని పోతుంది. మనకి పొగగొట్టం మూసేసినారు. మా నలుగురి ఊపిరి, మా నలుగురి స్నానాల ఆవిరి గోడల్లోకి పోతోంది. బయట నుంచి ఫియోనా తుఫాను నీళ్ళు. రాళ్ళ సందుల్లో సున్నం ఉంటే ఆ తడంతా ఎండలో బయటికి వచ్చేసేది. మీరు సిమెంటు పెట్టినారు."

"ఆ సిమెంటు ఈ చేతులతో పెట్టాను. రిటైరయ్యాక వరసగా రెండు వేసవులు నిచ్చెన మీదే ఉన్నాను."

"తెలుసంకుల్."

"ఏం తెలుసు? నేను సిమెంటుతో కట్టిన ఆనకట్ట ఇప్పటికీ నీళ్ళు ఆపుతోంది."

"ఇదీ ఆపుతోంది అంకుల్. గోడ లోపల."

నడవ అవతలి తలుపు సందులోంచి గాలి సన్నగా ఈల వేసింది. భ్రమరాంబకి ఆ పిల్ల నోరు మూయాలనిపించింది. ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వాలనీ అనిపించింది. రెండూ చేయలేదు.

"గోడ సంగతి వసంతంలో చూద్దాం," అన్నాడు విశ్వనాథం. "పొయ్యి సంగతి వేరు. అది ఉత్త హీట్ లాస్."

"ఈశాన్యం అని కదా అంకుల్ మీరన్నది?" అన్నాడు సాయి కిరణ్.

"నిన్నెవరడిగారయ్యా?"

"ఈశాన్యమైనా సగం ఇల్లే కొల్చినారు కదంకుల్," అంది ధాత్రి. "మెట్కాఫ్ లెక్కలో కొట్టం కూడా ఇల్లే. ఒకే కప్పు. మొత్తం కలిపి దిక్సూచి పెడితే పొయ్యి నడిమధ్యకి వస్తుంది."

"నడిమధ్యంటే బ్రహ్మస్థానం," సాయి కిరణ్ తల గోక్కున్నాడు. "మా నాయన చెప్తుండె. అక్కడ బరువే ఉండొద్దట. అదింకా డేంజర్ కదా అంకుల్?"

ధాత్రి వాడి వైపు కొరకొరా చూసింది. భ్రమరాంబ నవ్వాపుకోవడానికి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. విశ్వనాథం ఆ కొంగుని చూశాడు.

"నవ్వు. నవ్వు, భ్రమరా. నాకు సిమెంటు తెలీదు, వాస్తు తెలీదు. మెట్కాఫ్ మాత్రం మీ మేనమామ."

ఆయన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. గట్టిగా వేయలేదు. మెల్లిగా, గడియ శబ్దం కూడా రాకుండా వేశాడు. దాంతో ఆమెకి భయం వేసింది.

* * *

భోజనాల వేళ ప్రియ ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టి భ్రమరాంబ చారులో తాలింపు వేస్తోంది.

"అమ్మా, సీరియస్లీ? యూ టూ ఆర్ ఫైటింగ్ ఓవర్ ఎ ఫైర్‌ప్లేస్?"

"ఫైటింగ్ ఏం కాదే. మీ నాన్న నిన్ను చూడాలంటున్నారు."

"హీ నెవర్ వాంటెడ్ టు సీ మీ ఇన్ నవంబర్ బిఫోర్. జస్ట్ సెల్ ఇట్, అమ్మా. బోత్ ఆఫ్ యూ కమ్ హియర్. ఐ హావ్ ఎ బేస్‌మెంట్."

"మరి ఈ పిల్లలు?"

"దే ఆర్ టెనెంట్స్."

"అవునే. టెనెంట్లకి చలెయ్యదా?"

అవతల ప్రియ నిట్టూర్చింది. "ఓకే. ఈజ్ హీ ఈటింగ్?"

"నిన్న పెరుగన్నం వదిలేశారు."

"దట్ బ్యాడ్?" అంది ప్రియ.

విశ్వనాథం వచ్చి కూర్చుని అన్నం కలుపుకున్నాడు. భ్రమరాంబ ఎదురుగా కూర్చుంది. ఆయన మామూలుగా తినే దొండకాయ వేపుడు ఆయన వైపుకి జరిపింది. ఆయన దాన్ని యథాస్థానానికి జరిపాడు. ఆమె మళ్ళీ జరిపింది. ఈసారి రెండు ముక్కలు వేసుకున్నాడు.

"నేను వెళ్ళాక తెరువు," అన్నాడు తల ఎత్తకుండా. "నేను చూడను. అంతే నేనడిగేది."

భ్రమరాంబ కూడా రాత్రంతా అదే అనుకుంది. టాక్సీ మలుపు తిరిగాక, నింపాదిగా, ఎవరూ బాధపడకుండా. కానీ ఆ మాట ఆయన నోట వినేసరికి తప్పనిపించింది.

"మీరుండగానే తెరుస్తాను."

"ఎందుకు? నన్ను సాధించడానికా?"

"మీరు మూసిన దాన్ని మీ వెనక తెరిస్తే దొంగతనంలా ఉంటుంది. మీ ఎదురుగానే తెరుస్తాను. కోప్పడండి. ఉండిపొమ్మని కూడా అడుగుతాను. ఉండకపోతే మీ ఇష్టం."

ఆయన మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. వెళ్ళలేదు. కోటు వేసుకుని, బ్యాగు పక్కన పెట్టుకుని, పొయ్యి ఉండాల్సిన గోడకి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు.

* * *

బయటి నుంచి చూస్తే అక్కడ పొయ్యి ఉందనే తెలియదు. విశ్వనాథం పనితనం అలాంటిది. ప్లైవుడ్ పలక బిగించి, అంచుల్లో గాలి చొరకుండా సిలికాన్ పట్టించి, మిగతా గోడతో కలిసిపోయేటట్టు తెల్లరంగు వేశాడు. దాని మీద వేంకటేశ్వరస్వామి పటం. పొద్దున పొగగొట్టం బాగుచేసే మనిషి వచ్చి కప్పెక్కి, పైన మూత తీసి, బ్రష్షు దింపి, కెమెరాతో లోపలంతా చూసి, చిన్న మంటకి భయం లేదని చెప్పి వెళ్ళాడు. అప్పుడు కూడా విశ్వనాథం గదిలోంచి రాలేదు.

భ్రమరాంబ పటాన్ని కళ్ళకద్దుకుని తీసి బల్ల మీద పెట్టింది.

"తియ్యి, నాయనా," అంది సాయి కిరణ్‌తో.

వాడు గడ్డపార అంచు పలక సందులో దూర్చాడు. దూర్చి, విశ్వనాథం వైపు చూశాడు.

"అంకుల్, నా మీద కోపం లేదు కదా?"

"స్క్రూలు విప్పకుండా గడ్డపార పెడతావేం రా? పలక చీలిపోతుంది. ముందు స్క్రూడ్రైవర్ తీసుకో. ఎడమ వైపు నుంచి మొదలుపెట్టు."

స్క్రూలు ఒక్కొక్కటే రాలాయి. నాలుగోదో అయిదోదో విప్పుతుండగా విశ్వనాథం, ఎవరితోనూ కాదన్నట్టు, అన్నాడు.

"ఆంజనేయులికి ఫోటో పెట్టాను."

భ్రమరాంబ తిరిగి చూసింది. ఆంజనేయులు ఆయన తమ్ముడు. ఈ ఇల్లు కొని మొదటిసారి పొయ్యి వెలిగించుకున్న వారంలో కాకినాడలో పోయాడు. అది ఆమెకి తెలుసు. వీసా కాగితాలు అందక ఆయన వెళ్ళలేకపోయాడని కూడా తెలుసు.

"ఏం ఫోటో?"

"పొయ్యిది. మంట బాగా వచ్చింది. నువ్వు పక్కన నిలబడ్డావు. 'చూడరా, మీ వదిన సత్రం పొయ్యి దగ్గర నిలబడింది' అని రాసి పెట్టాను. రెండు టిక్కులు పడ్డాయి. నీలంగా మారలేదు. పడుకున్నాడనుకున్నాను. పొద్దున ఫోనొచ్చింది. ఇప్పటికీ అలాగే ఉన్నాయి, బూడిద రంగులో. చూస్తావా?"

జేబులోంచి ఫోన్ తీయబోయాడు. తీయలేదు.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే ఏమంటావు? పొయ్యికీ చావుకీ సంబంధం లేదంటావు. లేదని నాకు తెలీదా? నేను ఇంజనీర్ని."

సాయి కిరణ్ స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాడు. ధాత్రి తన చేతుల్ని చూసుకుంటోంది.

భ్రమరాంబకి ఎయిర్‌పోర్టు అద్దం గుర్తొచ్చింది. చివరిసారి వాళ్ళని ఎక్కించడానికి వచ్చిన ఆంజనేయులు మామిడితాండ్ర పొట్లం ఇవ్వడం మర్చిపోయి, వీళ్ళు లోపలికెళ్ళాక అద్దం అవతల నిలబడి దాన్ని పైకెత్తి చూపించాడు. నవ్వుతూ చూపించాడు. ఆమె చెయ్యి ఊపింది. వెనక్కి వెళ్ళి తెచ్చుకుందామంది. "ఏముందే, వచ్చే ఏడు తింటాం," అన్నాడు ఈయన. ఆ ఒక్క మాట పట్టుకుని ఈ మనిషి ఎన్ని రాత్రులు కొట్టుకున్నాడో ఆమెకి తెలుసు. ఈ ఫోటో సంగతి మాత్రం తెలియనే లేదు.

"ఆపెయ్యనా ఆంటీ?" అన్నాడు సాయి కిరణ్ మెల్లిగా.

భ్రమరాంబ భర్త వైపు చూసింది. తరవాత ధాత్రి వైపు చూసింది. ఆ పిల్ల ఈ నెలంతా గోడకి దూరంగా మంచం జరుపుకుని, రోజూ పొద్దున గోడ మీద చెయ్యి పెట్టి చూసుకుని కాలేజీకి వెళ్తోంది.

ఆపమని చెప్పాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. చెప్పలేదు.

"ఈయన మీద కోపంతో కాదు నేను తెరవమంటున్నది," అంది. "ఆంజనేయుల్ని మనం ఆపలేకపోయాం. ఈ పిల్లల మీద గోడ పడితే, అది ఆపగలిగి ఆపనట్టవుతుంది. నేనది మోయలేనండీ."

విశ్వనాథం చాలాసేపు పలక వంక చూశాడు.

"తియ్యండి," అన్నాడు. "నేనున్నంతసేపూ వెలిగించొద్దు. అంతే."

పలక ఊడి వచ్చింది. వెనక దూదిలాంటి ఇన్సులేషన్ తడిసి ముద్దగా ఉంది. దాన్ని లాగేశాక నల్లటి నోరు తెరుచుకుంది. మనిషి లోపల నిలబడగలిగేంత పొయ్యి. మీద ఒకే రాయితో అడ్డపట్టీ. ఎడమ పక్క గోడలో గూడు, దానికి చిన్న చెక్క తలుపు.

"అదే ఆంటీ, ఉప్పు గూడు," అంది ధాత్రి. "మంట పక్కన ఉప్పు చెమ్మెక్కకుండా. అక్కడి ఇంట్లో ఇప్పటికీ ఉప్పే పెడుతున్నారు."

మంట లేకుండానే గాలి కదిలింది. నడవ తలుపు దానంతటదే కొంచెం తెరుచుకుని, కొట్టంలోంచి తడిసిన బట్టల వాసన, కుర్రాళ్ళ కూర వాసన, సబ్బు వాసన గదిలోంచి పొయ్యి వైపు సాగిపోయాయి. భ్రమరాంబ చెంపల మీద అది తెలిసింది. బల్ల మీద వేంకటేశ్వరస్వామి పటానికి వేసిన కాగితం పువ్వులు పొయ్యి వైపుకి వంగాయి.

విశ్వనాథం లేచి వచ్చాడు. పొయ్యి లోపలికి తల పెట్టి పైకి చూశాడు. దూరంగా, పైన, చదరంగా ఆకాశం.

"కట్టినవాడు కట్టాడు," అన్నాడు.

భ్రమరాంబ వంటింట్లోంచి ఉప్పు జాడీ తెచ్చి ఆ గూట్లో పెట్టింది. కొత్త ఇంట్లోకి ముందు ఉప్పు తీసుకెళ్ళడం తప్ప ఆమెకి ఇంకేమీ తోచలేదు.

* * *

టాక్సీ వచ్చేముందు విశ్వనాథం కనిపించలేదు. కోటు లేదు. బ్యాగు మాత్రం ఉంది. భ్రమరాంబ వెతుక్కుంటూ కొట్టంలోకి వెళ్ళింది. ఆ మెట్టు దిగేటప్పుడు గోడ పట్టుకుంది. తడి.

ఆయన ఉత్తరపు గోడ దగ్గర వంగి ఉన్నాడు. ధాత్రీ సాయి కిరణ్ నిన్న గోడకి ఆనించిన దూలాల్లో ఒకదాని మొదలు తన్ని సరిచేస్తున్నాడు. చేతిలో ఆయన పాత రసమట్టం ఉంది. ఆనకట్ట రోజుల నుంచి ఎక్కడికి వెళ్ళినా బ్యాగులో పెట్టుకునేది. గోడకి ఆనించి అందులో బుడగ ఎటు జరుగుతుందో చూస్తున్నాడు.

"ఈ దూలం కింద పలక వెయ్యలేదు. నేలలోకి దిగిపోతుంది," అన్నాడు, వెనక్కి తిరక్కుండానే ఆమె అడుగు గుర్తుపట్టి. "ఆ కుర్రాడికి చెప్పు. రోజూ పొద్దున ఇక్కడ, ఈ రాయి మీద, ఇది పెట్టి చూడమను. బుడగ ఈ గీత దాటితే ఎవర్నీ ఇక్కడ పడుకోనివ్వొద్దు. అందర్నీ మన గదిలోకి తెచ్చెయ్యి. నా మంచం ఖాళీయేగా."

"మీరే చూడొచ్చు కదండీ రోజూ."

ఆయన రసమట్టాన్ని గోడలో పొడుచుకొచ్చిన రాయి మీద పెట్టాడు. ఉబ్బిన రాళ్ళ మధ్య ఆ ఒక్క పొడుగు రాయి మాత్రం కదల్లేదు.

"వసంతంలో మంచు పోయాక సిమెంటు గీకించాలి," అన్నాడు. "ఆ పిల్ల చెప్పింది నిజమే. చలిలో సున్నం పట్టదు. వేసవిదాకా ఆగాలి."

"మా అమ్మమ్మగారింట్లో గానుగ సున్నం నూరేవాళ్ళు. బెల్లం నీళ్ళు, కరక్కాయ పోసి. ఎద్దు తిరుగుతూనే ఉండేది."

"కరక్కాయలు ఇక్కడ దొరుకుతాయా?"

"ఇండియన్ స్టోర్లో పొడి దొరుకుతుంది."

"మలబద్ధకానికి అమ్మేది," అన్నాడు విశ్వనాథం. ఆమె నవ్వింది. ఆయన కూడా నవ్వబోయి, బయట హారన్ వినపడి ఆగిపోయాడు.

"ఉండిపోండి," అంది భ్రమరాంబ. అడుగుతానని చెప్పింది గనక అడిగింది.

ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. పిల్లల ముందు ఎప్పుడూ వెయ్యని చెయ్యి. కొట్టంలో అప్పుడు పిల్లలెవరూ లేరు.

"ఆ మంట ఎదురుగా నేను కూర్చోలేను, భ్రమరా. ఈ ఒక్క చలికాలం. సున్నం పని నా చేత్తోనే చేస్తాను. అప్పటికి వచ్చేస్తాను."

"వచ్చేస్తారుగా?"

"రసమట్టం ఇక్కడ పెట్టి వెళ్తున్నాను. ఇంకేం కావాలి?"

ధాత్రి బ్యాగు టాక్సీలో పెట్టింది. "అంకుల్, సారీ," అంది. "డ్రాయింగులో ఉత్తరం బాణం వెయ్యలేదు నువ్వు. మార్కులు తీసేస్తారు," అన్నాడాయన. సాయి కిరణ్ వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే "ముందు ఆ పలక వెయ్యరా దూలం కింద," అని లేవదీశాడు.

ముందు తలుపు గడప దాటేటప్పుడు ఆయన ఒక్క క్షణం ఆగి పైకి చూశాడు. ఎమ్. దాని కింద జె, ఏ. పక్కపక్కనే. దేనికి చూశాడో ఆమె అడగలేదు.

టాక్సీ కంచె దాటి, ఫియోనా పడగొట్టిన మేపుల్ చెట్టు మొద్దు దగ్గర మలుపు తిరిగింది. ఎవరు వెళ్ళినా భ్రమరాంబ ఆ మలుపు దాకా చూస్తుంది. ఆ తరవాత కూడా కాసేపు చూస్తుంది.

లోపలికి వచ్చాక ఆమే వెలిగించింది. ధాత్రి చెప్పినట్టు చిన్న మంటే, సన్న పుల్లలతో. పొగ మొదట గదిలోకి తిరిగి అందర్నీ దగ్గించింది. అంతలో దారి గుర్తొచ్చినట్టు పైకి లేచింది. సాయి కిరణ్ చప్పట్లు కొట్టాడు. ధాత్రి నడవలోకి పరుగెత్తి పొయ్యి వెనక గోడ మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"ఆంటీ, మీరు పక్కన నిలబడండి. ఫోటో తీసి అంకుల్‌కి పెడతా," అన్నాడు సాయి కిరణ్.

"వద్దు," అంది భ్రమరాంబ. అంత గట్టిగా ఆమె అరవడం వాడెప్పుడూ వినలేదు.

ఫోటో ఎవరూ తియ్యలేదు.

కొట్టం గోడ ఆ చలికాలం నిలిచింది. పిల్లలు నలుగురూ అక్కడే ఉన్నారు. రసమట్టం ఆ పొడుగు రాయి మీదే ఉంది. విశ్వనాథం వేసవి రాకముందే ఎడ్మంటన్‌లో పోయాడు, ఆ ఇంటికి తిరిగి రాలేదు. ఆయన వెళ్ళింది 2022 నవంబరు 23, బుధవారం, వర్జ్యం పోయాక.